నేపాల్ నదుల్లో రాఫ్ట్ గైడింగ్ నేర్చుకోవాలంటే

రాఫ్ట్ (గాలి నింపిన రబ్బరు పడవ) నడిపే గైడ్ అవ్వాలనుకునేవాళ్ళు తెడ్డు కంటే ముందు నీళ్ళని చదవడం నేర్చుకోవాలండి. దానికి సన్‌కోసి నది మీద ఎక్స్‌పెడిషన్ (రోజుల తరబడి సాగే పడవ యాత్ర) చాలా మంచిది, దోలాల్‌ఘాట్ నుంచి చతరా దాకా సుమారు 270 కిలోమీటర్లు, 8-10 రోజులు, రాత్రుళ్ళు ఒడ్డున ఇసకలోనే క్యాంప్, అన్ని రోజులు నది మీదే ఉంటే చెయ్యి దానంతటదే తిరుగుతుంది. అక్టోబర్, నవంబర్‌లో వెళ్ళండి.

పెద్ద రాపిడ్ (రాళ్ళ మధ్య నీళ్ళు ఉధృతంగా దూకే చోటు) వస్తే నేరుగా దిగిపోవద్దు, పడవ ఒడ్డుకి చేర్చి నడుచుకుంటూ వెళ్ళి చూడండి. నీళ్ళ మీద వి ఆకారం కనపడుతుంది, దాని మొన కిందివైపు ఉంటే అది దారి, మీవైపు ఉంటే అక్కడ రాయి ఉన్నట్టే.

అన్నిటికంటే ముఖ్యం హై సైడ్, అంటే పడవ పైకి లేచే పక్కకి అందరూ ఒక్కసారిగా దూకడం. పడవ అడ్డంగా రాయికి కొట్టుకుంటే భయంతో అందరూ రాయికి దూరంగా జరుగుతారు, అప్పుడు ఆ పక్క బరువెక్కి లోపలికి నీళ్ళొచ్చేసి పడవ రాయికి చుట్టుకుపోతుంది. అందుకే రాయి వైపే దూకాలి! మొదటిరోజే నెమ్మది నీళ్ళలో మీ టీమ్‌తో ఇది పదిసార్లు చేయించండి, మొహమాటపడొద్దు, 'హై సైడ్' అని గట్టిగా అరవండి.

నీళ్ళలో పడితే వెల్లకిలా తేలుతూ కాళ్ళు ముందుకి పెట్టాలి, ప్రవాహంలో నిలబడితే పాదం రాళ్ళ మధ్య ఇరుక్కుంటుంది. త్రో బ్యాగ్ (పడినవాళ్ళకి విసిరే తాడు సంచి) విసిరేముందు తాడు చివర మీ చేతిలో ఉందో లేదో చూసుకుని, పడినవాళ్ళని కేకేసి, వాళ్ళు మీవైపు చూశాకే తల మీదుగా అవతలకి పడేలా విసరండి.