రెండరింగ్ పనికి ధర కట్టే పద్ధతి

త్రీడీ రెండరింగ్‌కు, అంటే ఇల్లు వంటిదాన్ని కంప్యూటర్‌లో నిజమైనదిలా చూపే చిత్రానికి, ఎంత తీసుకుంటారని అడగగానే బొమ్మకు ఇంత అని చెప్పేయడం సులువే గానీ, ఆ అంకెలో మోడలింగ్ (ఆకారాన్ని కంప్యూటర్‌లో కట్టడం) శ్రమ ఎంత కలిసిందో చాలాసార్లు చెప్పినవారికే తెలియదు. ఒక ఇంటి బయటి దృశ్యాన్ని తీసుకుందాం. ప్లాన్లు, ఎలివేషన్లు (ఇంటిని ఒక్కో వైపు నుంచి చూపే గీతలు) చూసి మోడల్ తయారు చేయడానికి 14 గంటలు, మెటీరియళ్లకూ (గోడ, చెక్క వంటివాటి పైరూపు, రంగు) చెట్లూ చేమలకూ 6, కెమెరా, వెలుతురు కుదర్చడానికి 4, ఫోటోషాప్‌లో తుది మెరుగులకు 2 పడితే మొత్తం 26 గంటలు. అదే ఇంటిని మరో కోణం నుంచి చూపాలంటే మోడల్ సిద్ధంగానే ఉంటుంది కనుక 5 గంటల్లో తేలిపోవచ్చు. అందుచేత మోడల్‌కు ఒక ధర, ఆపై ఒక్కో కోణానికి ఒక ధర విడివిడిగా రాయడం ఉభయులకూ న్యాయం.

గంట ధర తేల్చడానికి, ఏడాదికి కావలసిన ఆదాయానికి సాఫ్ట్‌వేర్ చందాలు, కంప్యూటర్ తరుగుదల, కరెంటు, పన్నులు కలిపి, బిల్లు వేయగల గంటలతో భాగించాలి. వారానికి 40 చొప్పున 48 వారాలకు 1,920 గంటలు వస్తాయి. కొటేషన్లకు, ఫోన్లకు, బాకీ వసూళ్లకు పోయేవి పోగా 1,000 మిగిలితే మేలే. 1,920తో భాగించినవారు దాదాపు సగం ధరకే పని చేస్తున్నట్టు.

అసలు నష్టం సవరణల దగ్గర జరుగుతుంది. రెండు సవరణలు ఉచితమని రాస్తే చాలదు, సవరణ అంటే ఏమిటో కూడా రాయాలి. సోఫా రంగు మార్చడం సవరణ. డ్రాయింగే మారి కిటికీ జరపవలసి వస్తే అది కొత్త పని. నేనైతే రంగులు వేయని క్లే రెండర్‌ను ముందుగా పంపి, కోణమూ కొలతలూ సరేనని మెయిల్‌లో రాయించుకున్నాకే మెటీరియళ్ల జోలికి వెళ్తాను. ఒకసారి ఆ అంగీకారాన్ని ఫోన్‌లోనే తీసుకున్న పాపానికి పైకప్పు మొత్తం మళ్లీ చేయవలసి వచ్చింది. రెండు రోజులు పోయాయి, పైసా రాలలేదు.

వాక్‌త్రూ, అంటే ఇంట్లో నడుస్తున్నట్టు చూపే వీడియో, లెక్క వేరు. సెకనుకు 25 ఫ్రేములు (విడి చిత్రాలు) అయితే నిమిషం వీడియోకు 1,500 ఫ్రేములు. ఒక్కోదానికి 4 నిమిషాలు పడితే కంప్యూటర్ 100 గంటలు ఆగకుండా నడవాలి. కాబట్టి ఒకటి రెండు ఫ్రేములు తీసి చూశాకే అంకె చెప్పాలి, రెండర్ ఫార్మ్ (రెండరింగ్‌కు అద్దెకు తీసుకునే కంప్యూటర్లు) రుసుము ఉంటే విడిగా చూపాలి.

సగం సొమ్ము అడ్వాన్సుగా తీసుకుని, మిగతాది అందేవరకు వాటర్‌మార్క్ వేసిన చిన్న చిత్రమే పంపడం మంచిది. మోడల్ ఫైలు కూడా అడిగితే దానికి వేరే ధర చెప్పాలి, ఎందుకంటే అది చేతికందితే మిగతా కోణాలన్నీ మరొకరితో తీయించుకోవచ్చు.