నోటి క్యాన్సర్‌కి రెండోసారి ఆపరేషన్: అది ముందే చేయించుకున్నవాళ్ళ తోడు ఎలా వెతుక్కోవాలి?

మొదటిసారి నోటి క్యాన్సర్ అని తేలినప్పుడు ఇంటినిండా మనుషులుంటారు. చుట్టాలు దిగుతారు, పండ్లు తెస్తారు, సమ్మక్క-సారలమ్మకు మొక్కుతారు. అదే జబ్బు తిరగబెట్టిందంటే ఫోన్లు తగ్గిపోతాయి. వాళ్ళకు ప్రేమ లేదని కాదు, ఏం మాట్లాడాలో తెలియదు. "నయమైందన్నరు గదా, మళ్ళేంది?" అని అడిగేవాళ్ళకు జవాబు చెప్పలేక పేషెంట్ కూడా గదిలోనే ఉండిపోతాడు.

గుట్కా, జర్దా, తంబాకు, బీడీ అలవాట్లు బలంగా ఉన్న మా ఉత్తర తెలంగాణలో ఈ జబ్బు కొత్తది కాదు. మా మేనమామకు రెండోసారి వచ్చినప్పుడు దగ్గరుండి చూసినదాన్ని బట్టి ఒక్క మాట గట్టిగా చెబుతాను. ఆపరేషన్‌కి ముందే, ఇంకా నోట మాట ఉండగానే, అదే ఆపరేషన్ అయి ఇంట్లో తిరుగుతున్న ఒక్క మనిషిని వెతికి పట్టుకుని మాట్లాడండి. స్కాన్ ఎంత ముఖ్యమో ఇదీ అంతే ముఖ్యం. ఎలా వెతకాలో వరసగా చెబుతాను.

1. ముందు మీకు జరగబోయేది ఏమిటో ఒక కాగితం మీద రాయించుకోండి

తిరగబెట్టడం అంటే అందరికీ ఒకటే కాదు. పాత చోటే మళ్ళీ పుట్టవచ్చు, మెడ గడ్డల్లో బయటపడవచ్చు, లేదా నోట్లోనే ఇంకోచోట పూర్తిగా కొత్త క్యాన్సర్ రావచ్చు. తంబాకు నోరంతటినీ పాడుచేస్తుంది కాబట్టి ఈ మూడోదీ అరుదేం కాదు. పాతది తిరగబెట్టడమైతే ఎక్కువమందిలో మొదటి రెండేళ్ళలోనే కనిపిస్తుంది. అందుకే మళ్ళీ బయాప్సీ చేస్తారు, సీటీ గానీ ఎంఆర్ఐ గానీ తీస్తారు, ఊపిరితిత్తులకు పాకిందేమో చూడడానికి చాలాసార్లు పెట్ స్కాన్ కూడా రాస్తారు.

పాత కాగితాలన్నీ ఒక సంచిలో పెట్టండి. డిశ్చార్జ్ సమ్మరీ, బయాప్సీ రిపోర్టు ఉంటే సరిపోదు. అప్పుడు తీసిన గడ్డ ముక్కతో చేసిన గాజు స్లైడ్లు, మైనపు బ్లాకులు అడిగి తెచ్చుకోవాలి. రేడియేషన్ ఎక్కడికి, ఎంత డోసు ఇచ్చారో రాసి ఉండే ట్రీట్‌మెంట్ సమ్మరీ కూడా కావాలి. రేడియేషన్ తగిలిన కండ సరిగా మానదు. గడ్డ తీసినచోట తొడ నుంచో, ఛాతీ నుంచో, కాలి ఎముకతోనో తెచ్చి అతికించే కండను డాక్టర్లు ఫ్లాప్ అంటారు. దాన్ని ఎక్కడి నుంచి తేవాలో తేల్చడానికి ఈ పాత లెక్క కావాలి.

డాక్టర్‌ను మొహమాటం లేకుండా అడగండి: గడ్డ మొత్తం తీయగలరా? ఈ ఆపరేషన్ నయం చేయడానికా, బాధ తగ్గించడానికా? చేయించుకోకపోతే ఇంకేం దారులున్నాయి? మళ్ళీ రేడియేషన్, కీమో, ఒంట్లోని రక్షణ శక్తినే క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే ఇమ్యునోథెరపీ, రోజూ వేసుకునే తక్కువ డోసు మాత్రలు, ఇలా ఒక్కొక్కరికి ఒక్కో మాట చెప్పవచ్చు. వేర్వేరు విభాగాల డాక్టర్లు కూర్చుని కేసు మాట్లాడుకునే ట్యూమర్ బోర్డులో మీ కేసు పెట్టారా అని కూడా అడగండి. మనవైపువాళ్ళు వరంగల్ ఎంజీఎంలో చూపించుకున్నా, చివరికి హైదరాబాద్‌లో రెడ్‌హిల్స్‌లోని ప్రభుత్వ క్యాన్సర్ ఆస్పత్రి ఎంఎన్‌జేకో, నిమ్స్‌కో, బంజారాహిల్స్‌లోని బసవతారకం క్యాన్సర్ ఆస్పత్రికో పోవడం మామూలే. ఇంత పెద్ద ఆపరేషన్‌కు రెండో డాక్టర్ అభిప్రాయం అడిగితే ఏ మంచి డాక్టరూ తప్పు పట్టడు.

ఇదంతా అయ్యాక కాగితం మీద నాలుగు మాటలు ఉండాలి: ఏ భాగం తీస్తారు, కండ ఎక్కడి నుంచి తెస్తారు, గొంతుకు శ్వాస గొట్టం పెడతారా, తిండి పోయడానికి ముక్కులోంచి వేసే గొట్టం ఎన్నాళ్ళు ఉండవచ్చు. మనిషిని వెతికేది ఈ కాగితాన్ని బట్టే. నాలుక తీసినవాళ్ళ అనుభవం బుగ్గ తీసినవాళ్ళకు సగమే పనికొస్తుంది.

2. డబ్బు, ప్రయాణం

ఆస్పత్రిలో అడుగుపెట్టగానే ఆరోగ్యశ్రీ పనులు చూసే ఆరోగ్యమిత్ర డెస్క్ దగ్గరికి రేషన్ కార్డు, ఆధార్‌తో వెళ్ళండి. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్ నుంచి కుటుంబానికి ఏడాదికి 10 లక్షలు. మొదటిసారి వాడుకున్నాం కదా, ఇప్పుడు రాదేమో అని మీ అంతట మీరే అనుకోవద్దు, ముందస్తు అనుమతికి పెట్టమని అడగండి. నిమ్స్ లాంటిచోట ఖర్చు దానికి మించితే ముఖ్యమంత్రి సహాయ నిధి నుంచి ఎల్‌ఓసీ (ఖర్చు ప్రభుత్వం కడుతుందని ఆస్పత్రికి ముందే ఇచ్చే పత్రం) కోసం ఎమ్మెల్యే ఆఫీసు ద్వారా అర్జీ పెట్టుకోవచ్చు. అది ఆపరేషన్‌కి ముందే కదలాల్సిన పని. రైల్లో క్యాన్సర్ పేషెంట్‌కు, తోడు వచ్చేవాళ్ళకు రాయితీ ఉంది. ఆస్పత్రి ఇచ్చే ఫారం మీద డాక్టర్ సంతకం, ముద్ర వేయించుకుని కాజీపేటలోనో వరంగల్‌లోనో కౌంటర్‌లో చూపించాలి.

3. మనిషిని వెతకడం

సర్జన్‌నే అడగండి. "సార్, ఇదే ఆపరేషన్ అయి ఏడాది దాటినవాళ్ళు మీ దగ్గరికి వస్తుంటారు కదా, ఒక్కరితో మాట్లాడించండి." వాళ్ళ నంబర్ ఇవ్వమని మాత్రం అడగొద్దు. ఒకరి నంబర్ వాళ్ళను అడగకుండా ఇవ్వడం ఆస్పత్రికి తగదు, ఇవ్వరు కూడా. మీ నంబరే చీటీ మీద రాసివ్వండి: "వాళ్ళకు ఇష్టమైతే మాకు చేయమనండి." ఈ తేడా చిన్నదే అయినా పని జరిగేది ఇలాగే.

సర్జన్‌కు తీరిక లేకపోతే అంతకంటే మంచి దారి డ్రెస్సింగ్ గదిలో సిస్టర్, స్పీచ్ థెరపిస్టు, డైటీషియన్. ఎవరు ధైర్యంగా ఉన్నారో, ఎవరు నలుగురితో కలిసి మాట్లాడతారో వాళ్ళకు బాగా తెలుసు. ఓపీలో చెకప్‌కు వచ్చినవాళ్ళు బెంచీల మీద గంటలకొద్దీ కూర్చుంటారు. మెడ మీద పాత కోత గీత కనిపించినాయన పక్కన కూర్చుని ముందు మీ సంగతి చెప్పుకోండి. ఆయనను ప్రశ్నలు అడగడం తర్వాత. ఊళ్ళోనైతే ఆశా కార్యకర్తకు, ఏఎన్‌ఎంకు ఎవరికి ఏ ఆపరేషన్ అయిందో తెలుస్తుంది.

పేషెంట్ ఆడమనిషి అయితే ఆడమనిషినే వెతకండి. బీడీలు చుట్టే ఇళ్ళలో తంబాకు నమిలే ఆడవాళ్ళు తక్కువేం కాదు. మూతి వంకర పోతుందన్న బాధ, చొంగ కారుతుంటే కొంగు అడ్డం పెట్టుకోవాల్సి వస్తుందన్న సిగ్గు మగాయనతో చెప్పుకోలేరు.

వాట్సాప్ గ్రూపుల గురించి ఒక జాగ్రత్త. క్యాన్సర్ నయమైనవాళ్ళ గ్రూపులో "నాకు మళ్ళీ వచ్చింది" అని పెడితే చాలాసార్లు ఎవరూ పలకరు, లేదంటే దండం బొమ్మలు వస్తాయి. అందరి భయమూ అదే కాబట్టి. దాన్ని మనసుకు తీసుకోవద్దు. తిరగబెట్టిన మనిషికి కావలసింది తిరగబెట్టి, మళ్ళీ కోలుకున్న ఇంకొక మనిషి. గ్రూపు కన్నా విడిగా ఒక్క ఫోన్ మేలు.

మా మామకు అలా ఫోన్ చేసినాయన పరకాల వైపు మనిషి. ఆయన మాట సగం అర్థం కాలేదు. అర్థం కానిదల్లా పక్క నుంచి ఆయన భార్య విడమరిచి చెప్పింది. కానీ మాటల కన్నా, నాలుక సగం పోయిన మనిషి ఫోన్‌లో మాట్లాడుతున్నాడన్నదే మా మామకు ధైర్యమైంది. ఆ రాత్రే ఆపరేషన్‌కు సరే అన్నాడు. అంతకుముందు మేమెంత బతిమాలినా తల ఊపనివాడు.

4. ఏం అడగాలి, ఏం అడగొద్దు

డాక్టర్ చెప్పనివి అడగండి. "అన్నా, ముక్కు గొట్టం ఎప్పుడు తీసిండ్రు? రాత్రిపూట ఎట్ల పండుకున్నవ్? మొదటిసారి అద్దంల చూసుకున్నప్పుడు ఏమనిపించింది? మళ్ళ పనికి ఎప్పుడు పోయినవ్?" భార్య గానీ కొడుకు గానీ మాట్లాడుతుంటే వాళ్ళ ప్రశ్నలు వేరేగా ఉంటాయి: గొంతు గొట్టంలో తెమడ అడ్డం పడితే ఏం చేసేవారు, రాత్రి మేలుకోవడానికి ఎవరెవరు వంతులు వేసుకున్నారు. అందుకే పేషెంట్ పేషెంట్‌తో, ఇంటివాళ్ళు ఇంటివాళ్ళతో విడివిడిగా మాట్లాడుకోవడం మంచిది. ఒకరి ముందు ఒకరు ఏడవలేరు.

"ఇంకెన్నేళ్ళు ఉంటారన్నరు?" అని మాత్రం అడగొద్దు. ఆయన గడ్డ వేరు, మీ గడ్డ వేరు. ఆ లెక్క మీకు పనికిరాదు, ఆయనను మాత్రం బాధపెడుతుంది. అలాగే ఎవరైనా పసరు మందు సంగతి, ఫలానా ఊళ్ళో ఆకు మందు ఇచ్చే మనిషి సంగతి ఎత్తితే అక్కడే ఆపండి. తిరగబెట్టిన గడ్డకు నెల రోజులు చాలా ఎక్కువ. ఇప్పుడు తీయగలిగింది అప్పటికి తీయలేకుండా పోవచ్చు. మందుల డోసులు కూడా తోటి పేషెంట్‌ను చూసి మార్చుకోవద్దు.

5. మాట ఉండగానే చేసి పెట్టుకోవాల్సినవి

ఆపరేషన్ తర్వాత కొన్ని రోజులు, గొంతు గొట్టం ఉంటే ఇంకాస్త ఎక్కువ, మాట రాదు. నాలుక తీస్తే మాట మారిపోతుంది. అందుకని ముందే ఫోన్‌లో మీ గొంతుతోనే చిన్న చిన్న మాటలు రికార్డు చేసుకోండి: "నొప్పి లేస్తంది", "గొట్టం శుభ్రం చేయండి", "పక్కకు తిప్పండి", "అమ్మకు చెప్పండి, మంచిగనే ఉన్న". మనవలతో మాట్లాడినవీ కొన్ని ఉంచుకోండి, తర్వాత ఆ గొంతు అందరికీ కావలసి వస్తుంది. చదువు రానివాళ్ళకు గ్లాసు, మంచం, బాత్‌రూం బొమ్మలు గీసిన అట్ట చాలు. పలక గానీ వైట్‌బోర్డు గానీ, ఒక చిన్న గంట గానీ పక్కన పెట్టండి.

తంబాకు ఈ రోజే ఆపాలి. అతికించిన కండకు రక్తం సరిగా అందక చచ్చిపోవడానికి పొగాకు ఒక కారణం. ఒంటరిగా ఆపలేకపోతే 1800-112-356 జాతీయ క్విట్‌లైన్‌కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. ఇంట్లో మిగతావాళ్ళు కూడా పేషెంట్ ఎదురుగా ప్యాకెట్ చింపకుండా ఉంటే అది పెద్ద సాయం.

6. ఆపరేషన్ తర్వాత తోడు ఎలా ఉండాలి

ఈ ఆపరేషన్లు ఎనిమిది, పది గంటలు కూడా పడతాయి. మొదటి రోజులు ఐసీయూలోనే. అప్పుడు తోటి పేషెంట్‌ను రమ్మనవద్దు, ఇన్‌ఫెక్షన్ భయం ఉంటుంది. మెసేజ్‌లు చాలు. రాయలేనివాళ్ళు ముందే ఒక గుర్తు అనుకోవచ్చు: ఒక మిస్డ్ కాల్ అంటే బాగున్నా, రెండు అంటే మీరు వీడియో కాల్ చేయండి, చూడాలని ఉంది.

తోటి పేషెంట్ సలహా నిజంగా అక్కరకొచ్చేది గొట్టంలోంచి తిండి పెట్టే దగ్గర. డైటీషియన్ ఎంత పెట్టాలో చెబుతారు, ఎలా పెట్టాలో చేసినవాళ్ళు చూపిస్తారు. అన్నం, పప్పు మెత్తగా ఉడికించి, మిక్సీ పట్టి, ముందు టీ జల్లెడలో, మళ్ళీ పలుచటి బట్టలో వడకట్టాలి. ఒక్క పలుకు మిగిలినా గొట్టం మూసుకుపోతుంది. మనిషిని కూర్చోబెట్టి, గోరువెచ్చగా, తొందర లేకుండా వదలాలి. అయ్యాక నీళ్ళు పోసి గొట్టం కడగాలి. తర్వాత కనీసం అరగంట దాకా పడుకోనివ్వొద్దు. రాగి జావ, అంబలి చిక్కబడితే అడ్డం పడతాయి, పలుచన చేయాలి. మాత్రలు నూరి వేయవచ్చా లేదా అన్నది ఒక్కో మాత్రకు డాక్టర్‌నే అడగాలి.

నోరు తెరుచుకోవడం ఇంకో యుద్ధం. ఫిజియోథెరపిస్టు చెప్పాక పళ్ళ మధ్య ఐస్‌క్రీం పుల్లలు పెట్టి, కొన్ని రోజులకొకటి పెంచుతూ పోతారు. మామూలు మనిషి నోరు మూడు వేళ్ళు పట్టేంత తెరుచుకుంటుంది. నొప్పికి భయపడి మానేస్తే బిగుసుకుపోతుంది. ఇక్కడే తోడు కావాలి: ఇద్దరూ రోజూ ఒకే టైముకు చేసి, ఎన్ని పుల్లలు పట్టాయో ఒకరికొకరు పంపుకుంటే మానేయబుద్ధి కాదు. మెడ గడ్డలు తీసినవాళ్ళకు భుజం ఎత్తే వ్యాయామమూ అంతే.

ఇంట్లో కొందరు కంచం, గ్లాసు వేరు పెడతారు. క్యాన్సర్ అంటుకునే జబ్బు కాదు. ఆ మాట డాక్టర్‌తో, లేదా తోటి పేషెంట్ భార్యతో చెప్పిస్తే ఇంట్లోవాళ్ళు తొందరగా వింటారు. పెళ్ళికి మొదటిసారి వెళ్ళాల్సి వచ్చినప్పుడు కూడా అదే మనిషిని అడగండి, ఎంతసేపు ఉన్నారు, ఏం తిన్నారు, చూసినవాళ్ళకు ఏం చెప్పారు అని.

7. తోటి పేషెంట్‌ను కాదు, ఆస్పత్రిని పిలవాల్సినవి

నోటి నుంచి గానీ మెడ నుంచి గానీ గబగబా రక్తం వస్తే, ఊపిరి ఆడకపోతే వెంటనే 108. అతికించిన కండ నల్లగానో నీలంగానో మారినా, మెడ గాయంలోంచి ఉమ్మి, తిండి కారుతున్నా, జ్వరం తగ్గకపోయినా అదే రోజు ఆపరేషన్ చేసినచోటికి ఫోన్ చేయాలి. ముక్కు గొట్టం ఊడితే ఇంట్లో మళ్ళీ తోయకూడదు, అది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. నొప్పి మామూలు మాత్రలకు ఆగకపోతే పాలియేటివ్ కేర్ విభాగానికి పంపమని అడగండి. అక్కడికి పంపారంటే ఆశ వదులుకున్నారని కాదు, నొప్పి తగ్గించడం వాళ్ళ పని, వైద్యం నడుస్తుండగానే చూస్తారు. ఎంఎన్‌జేలో ఆ విభాగం ఉంది, జిల్లాల్లోనూ కేంద్రాలు నడుస్తున్నాయి.

నిద్ర పట్టక, బతకడం ఎందుకన్న ఆలోచన వస్తుంటే మనసు బాధలకు ప్రభుత్వం నడిపే ఫోన్ సాయం టెలీ మానస్ 14416కు తెలుగులోనే మాట్లాడవచ్చు, రాత్రి ఏ టైమైనా ఎత్తుతారు. మాట రాని పేషెంట్ తరఫున ఇంట్లోవాళ్ళు చేసినా సరే.