ఇంగ్లీష్ యాక్సెంట్లు పట్టుకోవాలంటే ఒక్క పేరా చాలు

ఏ దేశంలో ఇంగ్లీష్ ఎలా పలుకుతారో తెలుసుకోడానికి ఊరికే వీడియోలు చూస్తూ కూర్చుంటే పెద్దగా ఎక్కదండి, ఒక్కొక్కళ్ళు ఒక్కో మాట మాట్లాడతారు, పోల్చుకోడానికి ఏం దొరకదు. జార్జ్ మేసన్ యూనివర్సిటీ వాళ్ళ స్పీచ్ యాక్సెంట్ ఆర్కైవ్ అనే వెబ్‌సైట్ చూడండి, ఫ్రీనే, అందులో రకరకాల దేశాల వాళ్ళ రికార్డింగులు ఉంటాయి, అందరూ చదివేది ఒకటే 69 పదాల పేరా, "ప్లీజ్ కాల్ స్టెల్లా" అని మొదలవుతుంది.

అయితే మొత్తం ఒకేసారి వినకండి. అందులో "త్రీ" అనే మాట ఒక్కటే పట్టుకోండి. ఐర్లాండ్‌లో కొందరి నోట అది "ట్రీ" లాగా వస్తుంది, లండన్‌లో కొందరికి "ఫ్రీ", మనవాళ్ళమేమో నాలుక పళ్ళకి ఆనించి "త్" అంటాం. విన్నది విన్నట్టు తెలుగులోనే రాస్కోండి, మన లిపిలో త, ట, థ అన్నీ వేరువేరు కదా, తేడా ఇట్టే కనబడుతుంది, నిజంగా ఇది మనకున్న పెద్ద సౌకర్యం. రోజుకి ఇద్దరు చాలు.

మాటల తేడాలకి మాత్రం నోట్‌బుక్ వెనక పేజీలు ఉంచుకోండి, సౌతాఫ్రికాలో "రోబోట్" అంటే ట్రాఫిక్ సిగ్నల్, "జస్ట్ నౌ" అంటే ఇప్పుడే అని కాదు, కాసేపయ్యాక అని.