చెర్రీ రొయ్యలు ఒక్కొక్కటే పోతుంటే: లక్షణాన్ని బట్టి నీళ్లలో లోపం పట్టడం

అక్వేరియం తొట్టె అడుగున రొయ్య ఆకారం కదలకుండా పడి ఉంటే ముందు దాన్ని వెలుతురులో చూడండి. అద్దంలా పారదర్శకంగా, లోపల డొల్లగా ఉంటే అది వదిలేసిన గుల్ల. తీయకండి, మిగతా రొయ్యలు దాన్ని కొరుక్కుతింటాయి. గులాబీ రంగుకు తిరిగి, ఒళ్లు పాలలా తెల్లబడి ఉంటే మాత్రం చనిపోయినట్టే. వెంటనే తీసేసి, కింది లక్షణాల్లో మీది ఏదో చూసుకోండి.

ఇదంతా చెర్రీ రొయ్యల గురించి, అంటే నియోకారిడినా జాతి గురించి. వీటికి జీహెచ్ (నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం కొలత) 6–10, కేహెచ్ (కార్బొనేట్ల కొలత) 2–6, పీహెచ్ 6.8–7.8, టీడీఎస్ (నీళ్లలో కరిగిన మొత్తం పదార్థాల కొలత) 150–300 మధ్య ఉంటే చాలు. క్రిస్టల్ రెడ్ లాంటి కారిడినా రకాలకు ఈ అంకెలు పనికిరావు, వాటికి కేహెచ్ దాదాపు సున్నాగా ఉన్న ఆమ్లపు నీళ్లు కావాలి.

తలకూ ఒంటికీ మధ్య తెల్లటి పట్టీ

గుల్ల వదిలేటప్పుడు రొయ్య వీపు మీద, మెడ దగ్గర ఒక చీలిక వస్తుంది. ఒక్క విదిలింపుతో అందులోంచి బయటికి దూకేస్తుంది. ఆ చీలిక చుట్టూ తిరిగి పట్టీలా కనిపిస్తే గుల్లలో చిక్కుకుందని అర్థం. చేత్తో లాగి సాయం చేయకండి, ప్రాణం పోతుంది. ఆ ఒక్కదాని మీద ఆశ పెట్టుకోకుండా మిగతావాటి సంగతి చూడాలి.

కారణాలు సాధారణంగా రెండు: జీహెచ్ హద్దులో లేకపోవడం, లేదా ఒకేసారి ఎక్కువ నీళ్లు మార్చడం. నన్ను ముంచింది మొదటిది. మా అపార్టుమెంటు కుళాయి నీళ్లలో టీడీఎస్ 640. ఇంటి ఆర్వో నీళ్లు కలిపి తొట్టెలో 220కి తెచ్చాను. అంకె సరిగ్గా ఉంది, రొయ్యలు మాత్రం వరసగా తెల్ల పట్టీతో పోతున్నాయి. చివరికి జీహెచ్ కిట్టు కొన్నాను. గాజు గొట్టంలో 5 మిల్లీలీటర్ల తొట్టె నీళ్లు పోసి, నారింజ రంగు ఆకుపచ్చగా మారేదాకా ఒక్కో చుక్క వేస్తూ లెక్కపెట్టాలి. ఎన్ని చుక్కలైతే అన్ని డిగ్రీలు. నాకు మొదటి చుక్కకే పచ్చబడింది.

దోషం కింద పంపు గదిలో ఉన్న సాఫ్ట్‌నర్‌ది. అందులోని రెసిన్ కాల్షియాన్ని, మెగ్నీషియాన్ని పట్టుకుని బదులుగా సోడియం వదులుతుంది. వాచ్‌మన్ దానికి బస్తాల కొద్దీ ఉప్పు ఎందుకు పోస్తున్నాడో అప్పుడు తెలిసింది. టీడీఎస్ మీటరు కొలిచేది నీటి విద్యుత్ వాహకతను. కరిగింది సున్నమో ఉప్పో దానికి పట్టదు. కిట్టు లేనివాళ్లు సబ్బు రుద్ది చూడవచ్చు: టీడీఎస్ ఎక్కువగా ఉన్నా నురగ దండిగా వచ్చి, కడిగినా చేతుల జిడ్డు పోనట్టు అనిపిస్తే అది సాఫ్ట్‌నర్ నీరే కావచ్చు.

సాఫ్ట్‌నర్‌కు ముందున్న గొట్టం నుంచి బోరు నీళ్లు పట్టి పరీక్షిస్తే జీహెచ్ 24 వచ్చింది. ఒక పాలు బోరు నీళ్లకు రెండు పాళ్లు ఆర్వో కలిపితే 8. ఆ నీళ్లతో రోజు విడిచి రోజు తొట్టెలో పదో వంతు మాత్రమే మార్చుతూ వచ్చాను. తొందరపడి సగం మార్చి ఉంటే రెండో కారణాన్ని నేనే తెచ్చిపెట్టేవాణ్ణి. బోరు నీళ్లు దొరకనివాళ్లు రొయ్యల కోసమే అమ్మే జీహెచ్–కేహెచ్ మినరల్ పొడిని ఆర్వో నీళ్లలో కలుపుకోవచ్చు. తొట్టెలో కోడిగుడ్డు పెంకులు వేయమని కొందరిచ్చే సలహా మీద నాకు నమ్మకం లేదు: పీహెచ్ 7 దాటిన నీళ్లలో అవి కరిగేది బహు తక్కువ, మెగ్నీషియం అంతకంటే తక్కువ. భీమవరం వైపు వనామీ రొయ్యల రైతులు, అవి గుల్ల వదిలే రోజులని అమావాస్య, పౌర్ణమి చూసుకుని చెరువులో మినరల్స్ చల్లుతారు. తొట్టెకు తిథులు అక్కర్లేదు గానీ ఖనిజాల అవసరం మాత్రం అదే.

నీళ్లు మార్చగానే అటూ ఇటూ పిచ్చిగా ఈదడం

మునిసిపల్ నీళ్లయితే ముందు క్లోరిన్‌ను అనుమానించండి. సోడియం థయోసల్ఫేట్ ఉన్న యాంటీ క్లోరిన్ చుక్కలు వేయండి, లేదా బకెట్టులో గాలి మోటారు పెట్టి 24 గంటలు వదిలేయండి. తరువాతి అనుమానం రాగి. రాగి బిందెలో నిలవ ఉంచిన నీళ్లు, గీజరు నీళ్లు తొట్టెలో పోయకండి. చేపల తెల్లమచ్చల మందు సీసా మీద కాపర్ సల్ఫేట్ అని ఉంటే దాన్ని రొయ్యల దరిదాపులకు రానివ్వకండి.

కొత్త తొట్టెలో మేత మానేసి మూల చేరడం

అమ్మోనియా, నైట్రైట్ పరీక్షించండి. రెండూ సున్నా ఉండాలి. వీటిని హరించే బ్యాక్టీరియా కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, అంతకుముందే రొయ్యలు వేస్తే ఇలాగే అవుతుంది. పీహెచ్ 7 నుంచి 8కి పెరిగితే అమ్మోనియా విషరూపం దాదాపు పదింతలవుతుంది కనుక మన బోరు నీళ్లలో ప్రమాదం ఇంకా ఎక్కువ. మేత ఆపి, రోజూ కొద్దిగా నీళ్లు మార్చండి. తెలిసినవారి పాత తొట్టె నుంచి ఆ బ్యాక్టీరియా పట్టిన ఫిల్టరు స్పాంజి అడిగి తెచ్చుకుంటే మేలు.

మేలో నీళ్లు తగ్గుతూ, టీడీఎస్ పెరుగుతూ పోవడం

ఆవిరయ్యేది నీరే, ఖనిజాలు కావు. తగ్గిన మేరకు ఆర్వో నీళ్లే పోయండి, కలిపిన నీళ్లు వారం వారం మార్పుకే. నీళ్ల వేడి 30 డిగ్రీలు దాటితే మూత తీసి, నీటి మీదుగా చిన్న ఫ్యాను తిప్పండి. రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది.

అన్ని అంకెలూ బాగున్నా రాత్రికి రాత్రే అన్నీ చనిపోవడం

కిట్లు పక్కన పెట్టి, ఆ గదిలో దోమల మందు వాడారేమో అడగండి. స్ప్రేలలో, ప్లగ్గుకు పెట్టే ద్రవాల్లో ఉండే పైరెత్రాయిడ్లు మనుషులకు పెద్దగా హాని చేయని మోతాదులోనే రొయ్యలను చంపేస్తాయి. గాలి మోటారు ఆ గదిలోని గాలినే పీల్చి నీళ్లలోకి పంపుతుంది. ఇంకా బతికున్నవి ఉంటే అదే జీహెచ్, టీడీఎస్ ఉన్న శుభ్రమైన నీళ్లలోకి మార్చండి, ఫిల్టరులో యాక్టివేటెడ్ కార్బన్ పెట్టండి, మోటారును వేరే గదిలో పెట్టి గొట్టం లాగండి. ఆ గదిలో ఇకపై దోమతెరే.