పాత పికప్‌లో బ్రేకులు సరిగ్గా పట్టకపోతే ఎలా చూసుకోవాలి?

రాయచోటి నుంచి లోడుతో కడపకు వచ్చేవాళ్లకు గువ్వలచెరువు ఘాట్ సంగతి చెప్పక్కర్లేదు. పైన పాలకోవా అంగళ్లు దాటి దిగడం మొదలైతే కాలు బ్రేకు మీదే ఉంటుంది. నా పికప్‌కు 14 ఏళ్లు. ఒకసారి టమోటా లోడుతో దిగుతుంటే పెడల్ రోజూ ఆగే చోట ఆగకుండా ఇంకా లోపలికి పోయింది. కిందికి చేరేసరికి చొక్కా తడిసిపోయింది. పెడల్ నొక్కితే ఆయిల్‌ను పైపుల్లోకి తోసే మాస్టర్ సిలిండర్ పోయిందన్నారు, మార్పించాను. డబ్బు దండగ. వెనక ఎడమ చక్రంలో బ్రేకును తోసే వీల్ సిలిండర్ రబ్బరు దగ్గర కొద్దికొద్దిగా కారుతోందని తర్వాత బయటపడింది. అందుకే పానా పట్టకముందు పెడల్ తీరు చూడమంటాను.

బండిని చదునైన చోట నిలిపి, చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టండి. బానెట్ ఎత్తి బ్రేక్ ఆయిల్ డబ్బా చూడండి. ఆయిల్ రెండు గీతల మధ్య ఉండాలి. తగ్గిందంటే ముందు చక్రాల డిస్కును పట్టే ప్యాడ్లు బాగా అరిగుండాలి, లేదా ఎక్కడో కారుతుండాలి. కారణం చూడకుండా నింపేసి ఊరుకోవద్దు. మూత మీద డాట్ 3 అనో డాట్ 4 అనో ఉంటుంది, అదే పోయాలి. ఇంజన్ ఆయిల్ పోశారో, లోపలి రబ్బర్లన్నీ ఉబ్బిపోతాయి. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. అలా నీరు చేరిన ఆయిల్ ఘాట్ వేడికి మరిగి బుడగలు కడుతుంది, పెడల్ దూదిలా దిగిపోతుంది. రెండేళ్లకోసారైనా మార్చాలి. బాడీ మీద పడితే పెయింట్ లేచిపోతుంది, వెంటనే నీళ్లతో కడిగేయండి.

ఇప్పుడు ఇంజన్ ఆపి పెడల్‌ను నాలుగైదుసార్లు నొక్కి, గట్టిగా అదిమి అర నిమిషం అలాగే పట్టుకోండి. కదలకుండా నిలిస్తే మంచిదే. మెల్లగా లోపలికి జారిపోతుంటే ఎక్కడో లీకు ఉంది. బండి కింద పైపుల వెంట, నాలుగు టైర్ల లోపలివైపు తడి ఉందేమో చూడండి. వెనక చక్రం దగ్గర తడి ఉంటే వేలితో తాకి వాసన చూడండి. పల్చగా జారుతుంటే బ్రేక్ ఆయిల్. చిక్కగా, ఘాటు వాసనతో ఉంటే ఇరుసు దగ్గరి యాక్సిల్ సీల్ పోయి లోపలి హౌసింగ్ ఆయిల్, అంటే గేరు ఆయిల్, వస్తోందన్నమాట. ఎక్కడా తడి లేకపోయినా పెడల్ జారుతుంటే అప్పుడు మాస్టర్ సిలిండర్‌ను అనుమానించండి.

మొదటిసారి లోతుగా పోయి, రెండు మూడుసార్లు కొడితే పైకొస్తోందా? చాలాసార్లు వెనక బ్రేకు షూల మీది లైనర్లు అరిగి, చక్రంతో పాటు తిరిగే డ్రమ్ముకు దూరమై ఉంటాయి, అడ్జస్ట్ చేయాలి. స్పాంజిలా మెత్తగా ఉంటే పైపుల్లో గాలి చేరింది. అసలు నొక్కుడే పడకుండా రాయిలా ఉంటే, కాలి బలానికి తోడిచ్చే బూస్టర్ చూడండి. ఇంజన్ ఆపి పెడల్ కొన్నిసార్లు కొట్టి, కాలు అదిమి ఉంచి స్టార్ట్ చేస్తే పెడల్ కాస్త కిందికి దిగాలి. దిగకపోతే బూస్టరో, వాక్యూమ్ పైపో, వాక్యూమ్ పంపో పనిచేయడం లేదు.

బండి ఒక పక్కకు లాగుతుంటే కొంతదూరం నడిపి ఆపి, అరచేతి వెనకభాగాన్ని చక్రాల దగ్గర పెట్టి చూడండి, తాకవద్దు. ఒకటే కాలిపోతుంటే అది జామ్ అయింది. చల్లారాక ఆ చక్రాన్ని జాకీ మీద లేపి, స్టాండు పెట్టి, గాలి తీసే చిన్న బోల్టు, అంటే నిపుల్, కొంచెం వదులు చేయండి. ఆయిల్ చిమ్మి చక్రం తిరిగిందా, ఆయిల్ తెచ్చే రబ్బరు హోస్ పైపు లోపల మూసుకుపోయి ఒత్తిడి వెనక్కి రావడం లేదన్నమాట. పైకి బాగానే కనబడుతుంది కాబట్టి చాలామంది దీన్ని పట్టించుకోరు. అయినా తిరగకపోతే ప్యాడ్లను నొక్కే కాలిపర్ పిస్టన్ గానీ, వెనకైతే షూలు గానీ బిగుసుకుని ఉంటాయి. ఇనుము గీసుకున్న చప్పుడు వస్తే ఇక ఆలోచించొద్దు, ప్యాడ్లు అయిపోయాయి.

గాలి తీయడానికి ఇద్దరు కావాలి. వెనక ఎడమ, వెనక కుడి, ముందు ఎడమ, చివర ముందు కుడి, ఇదీ వరస. నిపుల్‌కు పారదర్శక పైపు తగిలించి, కొస సీసాలోని ఆయిల్‌లో మునిగేలా పెట్టండి. లోపలివాళ్లు నొక్కి పట్టుకున్నాకే నిపుల్ వదులు చేయాలి, బిగించాకే పెడల్ వదలాలి. మా అన్న కొడుకు "చిన్నాయనా, వదలనా?" అని తొందరపడుతుంటాడు. "నేను చెప్పేదాకా పట్టుకోరా" అని ప్రతిసారీ అరవాల్సిందే. బుడగలు ఆగేదాకా తీయండి, మధ్యమధ్య డబ్బా ఖాళీ కాకుండా నింపుతుండండి. సీసాలోకి వచ్చిన ఆయిల్ మళ్లీ పోయొద్దు.

ముందు ఖాళీ బండిని మైదానంలో 20 కిలోమీటర్ల వేగంతో నడిపి ఆపి చూశాకే లోడు ఎక్కించండి. ఘాట్‌లో పైనుంచే సెకండ్ గేరు వేసి దిగండి. కాలిన వాసన వస్తే బండి పక్కకు తీసి, డ్రమ్ములు వాటంతటవే చల్లారనివ్వండి. నీళ్లు కొడితే పగులుతాయి.