కవలల ఇంటికి చేతులు కూడగట్టుకోవడం ఎలా

కడుపులో ఇద్దరున్నారని స్కానింగులో తేలిన రోజు నుంచి సలహాలకు కొదవ ఉండదు. జంట అరటిపండు తిన్నావా అని నవ్వే పిన్ని మొదలుకొని పేర్లు ముందే ఖాయం చేసేసే పక్కింటి పెద్దాయన వరకు అందరూ ఏదో ఒకటి చెబుతూనే ఉంటారు. హైదరాబాద్ నిజాంపేటలో మూడో అంతస్తు ఫ్లాటులో ఇద్దరు ఆడపిల్లలను నాలుగేళ్లుగా పెంచుతున్న తల్లిగా నాకు తెలిసింది ఏమిటంటే, కవలల తల్లిదండ్రులకు సలహాల కంటే చేతులు ఎక్కువ అవసరం. ఆ చేతులు వాటంతటవి రావు, ఏ పూటకు ఎవరి చేయి కావాలో ముందుగా లెక్క వేసుకొని, మొహమాటం విడిచి అడిగి తెచ్చుకోవాలి. ఆ లెక్క ఎక్కడ మొదలుపెట్టాలో, ఈ నగరంలో ఎవరిని ఏమని అడగాలో ఇక్కడ రాస్తున్నాను.

ఏడో నెల దాటకముందే

కవలల్లో సగానికి పైగా 37 వారాలు నిండకముందే పుడతారు కాబట్టి, ఒక్క బిడ్డయితే తొమ్మిదో నెలలో చేసుకునే ఏర్పాట్లను ఏడో నెల దాటకముందే పూర్తి చేసుకోవాలి. 11 నుంచి 14 వారాల మధ్య చేసే స్కానింగులో ఇద్దరికీ మాయ (ప్లాసెంటా) ఒకటేనా, వేర్వేరా అన్నది అడిగి రిపోర్టులో రాయించుకోండి. ఒకే మాయను పంచుకునే బిడ్డలకు ఒకరి వైపు రక్తం ఎక్కువగా, మరొకరి వైపు తక్కువగా పారే ప్రమాదం ఉంటుంది గనుక, 16వ వారం నుంచి రెండు వారాలకొకసారి స్కానింగు చేయిస్తారు.

ఆసుపత్రిని ఎంచుకునేటప్పుడు గదిలో సోఫా ఉందా అన్నది కాదు, నవజాత శిశువుల ఐసీయూలో ఒకేసారి రెండు పడకలు దొరుకుతాయా అన్నది అడగవలసిన ప్రశ్న. దొరకకపోతే ఒక బిడ్డ ఒక చోట, రెండో బిడ్డ వేరొక చోట, బాలింత మూడో చోట ఉండవలసి వస్తుంది; తండ్రి ఆటోలోనే ఉంటాడు. బీమా పాలసీ ఉంటే, బిడ్డకు మొదటి రోజు నుంచే వర్తిస్తుందా, ఆ పరిమితి ఇద్దరికీ కలిపా లేక ఒక్కొక్కరికీ విడిగానా అన్నది రాతపూర్వకంగా తెలుసుకోండి. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంచారు. అర్హత ఉన్న కుటుంబాలు కాన్పుకు ముందే ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను కలిసి, ఏయే చికిత్సలు పథకంలోకి వస్తాయో మాట్లాడుకోవడం మంచిది.

ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లు

బిడ్డలు తక్కువ బరువుతో పుడితే, వైద్యులు సరేనన్న క్షణం నుంచి వారిని ఒంటికి ఒళ్లు తగిలేలా రొమ్ముపై పడుకోబెట్టుకోవాలి. కంగారూ సంరక్షణ అనే ఈ పద్ధతిని రోజుకు 8 గంటలకు తగ్గకుండా, వీలైతే 24 గంటల వరకూ పాటించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఇద్దరు బిడ్డలున్నప్పుడు తల్లి ఒక్కతే ఇన్ని గంటలు ఎక్కడి నుంచి తెస్తుంది? తండ్రి ఛాతీ, అమ్మమ్మ ఛాతీ కూడా ఇందుకు పనికివస్తాయి. కాన్పు గదిలోంచి బయటకు రాగానే మీరు అడిగి తెచ్చుకోవలసిన మొదటి చేతులు ఇవే.

తల్లిపాలు వెంటనే చాలకపోతే డబ్బా పాలకు పోయేముందు, దాతల పాలు దొరుకుతాయా అని అడగండి. నిలోఫర్ ఆసుపత్రిలో ధాత్రి పేరుతో తల్లిపాల బ్యాంకు ఉంది. అక్కడ దాతల పాలను పరీక్షించి, పాశ్చరైజ్ చేసి, ముందుగా నెలలు నిండని పిల్లలకు ఇస్తారు.

ఇక మరిచిపోకూడని పరీక్ష కంటిది. 34 వారాలకు ముందే పుట్టిన, లేదా 2 కిలోల కంటే తక్కువ బరువున్న శిశువుకు, పుట్టిన 30 రోజుల లోపు రెటీనా పరీక్ష జరగాలి. మరీ ముందుగా పుట్టినవారికి ఇంకా త్వరగా చేయాలి. గడువు దాటితే పోయిన చూపును తిరిగి తేవడం చాలా కష్టం. బంజారాహిల్స్‌లోని ఎల్వీ ప్రసాద్ కంటి వైద్య సంస్థ ఈ పరీక్షకు పేరున్న చోటు. కవలల ఇళ్లలో జరిగే పొరపాటు ఏమిటంటే, ఒకరి కళ్లు బాగున్నాయని చెప్పగానే రెండో బిడ్డను వచ్చే వారం చూపిద్దాంలే అనుకోవడం. ఇద్దరూ ఒకే కడుపున పుట్టినా, కళ్లు ఎవరివి వారివే.

ఇంటికి వచ్చాక: నోటు పుస్తకం, దిష్టి చుక్క

మొదటి నెలల్లో ఒక్కో బిడ్డ రోజుకు 8 నుంచి 12 సార్లు పాలు తాగుతుంది. ఇద్దరూ ఎవరి వేళకు వారు లేస్తే తల్లికి కునుకుండదు. అందుచేత ఒకరు ఆకలికి లేస్తే రెండోవారిని కూడా మెల్లగా లేపి పట్టడం అలవాటు చేసుకోవాలి. నిద్రపోయే బిడ్డను లేపకూడదన్న పెద్దల మాట ఇక్కడ చెల్లదు; మా అమ్మతో నేను గట్టిగా వాదించిన విషయం ఇదొక్కటే. ఒళ్లో ఒక పెద్ద దిండు పెట్టుకొని, ఒక్కో బిడ్డను ఒక్కో చంక కింద, తలలు ముందుకు, కాళ్లు వెనక్కు ఉండేలా పట్టుకుంటే ఇద్దరికీ ఒకేసారి పాలివ్వవచ్చు. మొదటి వారాల్లో రెండో బిడ్డను తీసి అందించడానికి పక్కన ఒక మనిషి తప్పనిసరిగా ఉండాలి. పిల్లల మెడ నిలిచాక ఒంటరిగా చేయగలుగుతారు. పిండిన పాలను 25 డిగ్రీల లోపు ఉండే గదిలో 4 గంటలు, ఫ్రిజ్‌లో 4 రోజులు ఉంచవచ్చు. అయితే ఏప్రిల్, మే నెలల్లో మన ఇళ్లు ఆ 25 డిగ్రీలను ఎప్పుడో దాటేసి ఉంటాయి కాబట్టి, వెంటనే ఫ్రిజ్‌లో పెట్టడమే క్షేమం.

నోటు పుస్తకం ఎందుకు పెట్టుకోవాలో మా ఇంట్లో ఒక పొరపాటు నేర్పింది. ఒక రాత్రి డి విటమిన్ చుక్కలు వేసి పడుకున్నాను. ఉదయం మా అత్తయ్య తన వంతుగా మళ్లీ వేశారు. తీరా చూస్తే చిన్నదానికి రెండుసార్లు పడ్డాయి, పెద్దదానికి అసలు పడలేదు. ఒక్కసారికి ప్రమాదమేమీ లేదని డాక్టరు చెప్పారు గానీ, అదే జ్వరం మందు అయి ఉంటే అన్న ఆలోచన మమ్మల్ని వదల్లేదు. ఆ రోజే రెండు వందల పేజీల రూళ్ల పుస్తకం ఒకటి కొని, ఫ్రిజ్ పక్కన దారం కట్టి పెన్ను వేలాడదీశాము. ఎడమ పేజీ పెద్దదానిది, కుడి పేజీ చిన్నదానిది. పాలు, మందు, మూత్రం, విరేచనం, సమయం, వేసినవారి పేరులో మొదటి అక్షరం. రాయకపోతే ఇవ్వనట్టే అన్నది ఇంటి చట్టం.

అచ్చు గుద్దినట్టుండే పిల్లలయితే, వారిని గుర్తు పట్టడం రెండో చిక్కు. ఇరవయ్యొకటో రోజున పెద్దదానికి నలుపు, చిన్నదానికి ఎరుపు మొలతాడు కట్టి గొప్ప ఉపాయం కనిపెట్టామనుకున్నాము. అర్ధరాత్రి మసక వెలుతురులో డైపరు కింద మొలతాడు కనిపించదని ఆ రాత్రే తెలిసింది. చివరికి అమ్మమ్మ పద్ధతే అక్కరకు వచ్చింది: స్నానం కాగానే పెద్దదానికి కుడి అరికాలిలో, చిన్నదానికి ఎడమ అరికాలిలో దిష్టి చుక్క. అయితే స్నానానికి ఇద్దరినీ ఒకేసారి విప్పితే చుక్కలు రెండూ కొట్టుకుపోతాయి, కాబట్టి ఒకరి స్నానం, చుక్క పూర్తయ్యాకే రెండోవారిని తీయాలి.

రాత్రిని రెండు ముక్కలు చేసుకోండి. తొమ్మిది నుంచి రెండు వరకు ఒకరు, రెండు నుంచి ఏడు వరకు మరొకరు. వంతు లేనివారు వేరే గదిలో తలుపు వేసుకొని పడుకోవాలి. ఇద్దరూ మేలుకొని ఇద్దరూ అలసిపోవడం ప్రేమ అనిపించవచ్చు గానీ, పొద్దున్నే కళ్లు తిరిగే ఇద్దరు మనుషుల చేతుల్లో ఇద్దరు పసిబిడ్డలు ఉండడం ఏ విధంగానూ క్షేమం కాదు.

ఎవరిని, ఏమని అడగాలి

చూడడానికి వచ్చిన ప్రతి ఒక్కరూ వెళ్లేటప్పుడు గుమ్మంలో ఒక మాట అంటారు: "ఏమైనా కావాలంటే మొహమాటపడకుండా చెప్పమ్మా." మనం తలూపి ఊరుకుంటాము, ఆ మాట అక్కడితో పోతుంది. అప్పుడే, ఆ గుమ్మంలోనే అడగాలి. మా ఎదురు ఫ్లాటు ఆవిడతో నేను మొదటిసారి అడిగింది ఇలా: "ఆంటీ, మంగళవారం పదింటికి ఒక్క గంటన్నర వచ్చి పెద్దదాన్ని చూసుకుంటారా? చిన్నదానికి డాక్టరు దగ్గర చూపించుకొని వచ్చేస్తాను." ఆవిడ సంతోషంగా వచ్చారు, ఆ తర్వాత ప్రతి మంగళవారం తనంతట తానే వచ్చారు. పని చిన్నదిగా, సమయం స్పష్టంగా ఉంటే కాదనేవారు తక్కువ. బిడ్డలను ఎత్తుకోవడానికి భయపడేవారిని ఉతికిన బట్టలు మడతపెట్టమనో, ఒక పూట పప్పూ అన్నం పంపమనో అడగవచ్చు.

అమ్మలిద్దరినీ ఒకేసారి రప్పించుకోవద్దన్నది నా గట్టి అభిప్రాయం. మొదటి మూడు నెలలు అమ్మ, నాలుగో నెల నుంచి అత్తయ్య అని వంతులు వేసుకుంటే సాయం ఆరు నెలలు సాగుతుంది, వంటింట్లో శాంతి కూడా నిలుస్తుంది. తండ్రి తన సెలవును కాన్పు వారంలోనే ఖర్చు చేయకుండా, పెద్దవాళ్లు ఊరికి వెళ్లిపోయే వారానికి కొంత దాచుకోవాలి.

బాలింతనూ పసిబిడ్డలనూ చూసుకునే జాపా ఆయాను పెట్టుకునేవారు ఆధార్ నకలు తీసుకోవడం, ఆమె ఇంతకుముందు పనిచేసిన ఇంటికి స్వయంగా ఫోను చేయడం, పోలీసు వెరిఫికేషన్‌కు దరఖాస్తు పెట్టడం మరవకూడదు. కవలలను చూసిన అనుభవం ఉందా అని విడిగా అడగాలి; ఒక బిడ్డకు కుదుర్చుకున్న జీతానికే ఇద్దరినీ చూడమనడం న్యాయం కాదు. ముక్కులో, చెవిలో నూనె పోయడం, నోటితో ముక్కులోకి ఊదడం, మూసిన గదిలో సాంబ్రాణి పొగ వేయడం వద్దని మొదటి రోజే చెప్పండి. నెలలు నిండకుండా పుట్టినవారి ఊపిరితిత్తులు ఆ పొగను తట్టుకోలేవు.

తోటి కవలల తల్లిదండ్రులు దొరికితే వారి విలువ వేరు, ఎందుకంటే వారికి ఏదీ మొదటి నుంచి వివరించనక్కరలేదు. వారిని వెతకడానికి మంచి చోటు టీకాల రోజు పిల్లల డాక్టరు గది బయట ఉండే బెంచీలు. మీ ఫోను నంబరును కవలలున్న మరో కుటుంబానికి ఇవ్వమని డాక్టరు దగ్గర పనిచేసే సిస్టరును అడగండి. బస్తీల్లో అయితే ఆశా కార్యకర్తకూ, అంగన్‌వాడీ టీచరుకూ ఏ ఇంట్లో కవలలున్నారో తెలిసే ఉంటుంది. అంగన్‌వాడీలో ఇద్దరి పేర్లనూ విడివిడిగా నమోదు చేయించండి: ఏడో నెల నుంచి మూడేళ్ల వరకు నెలకు 2.5 కిలోల బాలామృతం అనే పోషకాహార పొడి ఇచ్చేది బిడ్డకు ఒక ప్యాకెట్ చొప్పున, ఇంటికి ఒకటి చొప్పున కాదు. పాలిచ్చే తల్లికి ఆరోగ్యలక్ష్మి కింద ఒక పూట భోజనం కూడా అక్కడే పెడతారు.

జంట స్ట్రోలర్ కొనేముందు టేపు తీసుకొని లిఫ్టు తలుపును కొలవండి. మేము పక్కపక్కన సీట్లున్నది కొన్నాము. అది లిఫ్టులో పట్టలేదు. ఒకరి వెనుక ఒకరు కూర్చునే రకమే మన అపార్ట్‌మెంట్లకు సరిపోతుంది.

సెలవులు, కాగితాలు

ప్రసూతి చట్టానికి 2017లో వచ్చిన సవరణతో మొదటి ఇద్దరు పిల్లల వరకు ప్రసూతి సెలవు 26 వారాలయింది. కవలలన్నంత మాత్రాన అది రెట్టింపు కాదు. 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థ పసిపిల్లలను చూసుకునే క్రెష్ సదుపాయం కల్పించాలనీ, తల్లిని రోజుకు నాలుగుసార్లు అక్కడికి వెళ్లనివ్వాలనీ చట్టం చెబుతోంది. సెలవు అయిపోయే వారంలో కాక, రెండు నెలల ముందే హెచ్‌ఆర్ వారిని దీని గురించి అడగండి.

జననాలను 21 రోజుల లోపు రుసుము లేకుండా నమోదు చేస్తారు. ఇద్దరికీ రెండు ధ్రువపత్రాలు వస్తాయి. పుట్టిన సమయాలు తారుమారు కాకుండా ఆసుపత్రిలోనే సరిచూసుకోండి. రెండోసారి బయటకు వచ్చినవారే పెద్దవారని మన పెద్దలు వాదిస్తారు గానీ, కాగితం మీద మొదట పుట్టినవారే పెద్ద. పేర్లు కుదరకపోతే కంగారు పడనక్కరలేదు, ఏడాది లోపు రుసుము లేకుండా చేర్చవచ్చు. సుకన్య సమృద్ధి ఖాతాలు మామూలుగా ఇద్దరు ఆడపిల్లలకే తెరుస్తారు. మొదట ఒక ఆడపిల్ల ఉండి, రెండో కాన్పులో ఆడ కవలలు పుడితే మూడో ఖాతాకూ అనుమతి ఉంది.

ఇద్దరినీ, తల్లినీ కనిపెట్టుకొని ఉండడం

రెండు నెలలు ముందుగా పుట్టిన పిల్లల ఎదుగుదలను చూసేటప్పుడు, రెండేళ్లు నిండే వరకు వయసులోంచి ఆ రెండు నెలలను తీసివేయాలి. ఆరో నెలలో ఉన్న బిడ్డ నాలుగో నెల బిడ్డ చేసే పనులు చేస్తే సరిపోతుంది. టీకాలకు మాత్రం ఈ తీసివేత వర్తించదు. అవి పుట్టిన తేదీ ప్రకారమే వేయించాలి. పెద్దది పాకుతోంది, చిన్నది పాకదేమిటి అని వచ్చినవారల్లా పోల్చి చూస్తారు. నిజంగా అనుమానం ఉంటే పోలికతో తేల్చుకోవడం మాని వైద్యులకు చూపించాలి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని ఎన్‌ఐఈపీఐడీ అనే జాతీయ సంస్థ, మేధోపరమైన ఎదుగుదలలో ఆలస్యం ఉన్న చిన్నపిల్లలకు తొలిదశ శిక్షణ ఇస్తుంది.

తల్లి మనసును కూడా ఎవరో ఒకరు కనిపెట్టి ఉండాలి. కాన్పయిన మొదటి రెండు వారాల్లో ఊరికే ఏడుపు రావడం చాలామందికి ఉండేదే. అది రెండు వారాలు దాటినా తగ్గకపోయినా, పిల్లలు పడుకున్నా తనకు నిద్ర పట్టకపోయినా, వారిని ఎత్తుకోవాలనే అనిపించకపోయినా డాక్టరుకు చెప్పాలి. ఇంట్లో చెప్పుకోవడం కష్టమయితే టెలి మానస్ నంబరు 14416 కు ఏ వేళనైనా ఫోను చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు, డబ్బు కట్టనక్కరలేదు. తనను తాను గాని, బిడ్డలను గాని ఏమైనా చేసుకుంటాననే ఆలోచన వస్తే ఆమెను ఒంటరిగా వదలకుండా అప్పటికప్పుడే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. నాకు మూడో నెలలో అలాంటి దిగులు పట్టినప్పుడు ముందుగా గమనించింది మంగళవారం ఆంటీయే. కలిపిన అన్నం పళ్లెంలోనే ఎండిపోయి ఉండడం రెండు వారాలు వరుసగా చూసి, మా ఆయనకు ఫోను చేశారు.