బొటనవేలు కుదిరాక డెల్టా బ్లూస్ పలికింది

మా ఊళ్ళో డెల్టా బ్లూస్ (అమెరికాలోని మిసిసిపీ డెల్టాలో పుట్టిన గిటార్ పాటల బాణీ) నేర్పేవాళ్ళు లేరు. 1930 ప్రాంతంలో చార్లీ పాటన్, సన్ హౌస్ ఇచ్చిన రికార్డింగులే నాకు పాఠాలు. వింటుంటే ప్రాణం లేచొచ్చేది. గిటార్ పట్టుకుంటే మాత్రం బొటనవేలు మిగతా వేళ్ళ వెంటపడేది.

ముందు ఓపెన్ జీ ట్యూనింగ్‌కి మారాను. ఆరు, ఐదు, ఒకటో తీగలను రెండేసి ఫ్రెట్ల (గిటార్ మెడ మీది అడ్డకమ్మీల) మేర శ్రుతి దించితే, ఎడమచేయి పెట్టకుండానే కార్డ్ (కలిసి మోగే స్వరాల గుంపు) పలుకుతుంది. తర్వాత పాట పక్కనపెట్టి, అరచేతి అంచు బ్రిడ్జి (గిటార్ ఒంటి మీద తీగలు ఆనే పట్టీ) మీద ఆనించి, కాలితో తాళం వేస్తూ, బొటనవేలితో ఐదో తీగ ఒక్కటే మీటాను. ఎవరితోనైనా మాట్లాడుతున్నా ఆ ‘దుమ్ దుమ్’ ఆగకుండా సాగేదాకా సన్న తీగల జోలికి పోలేదు. ఆపైన ఒక్కో స్వరం చేర్చాను: ముందు బొటనవేలి దెబ్బతో కలిపి, తర్వాత రెండు దెబ్బల మధ్యన.

స్లైడ్ (వేలికి తొడుక్కుని తీగల మీద జార్చే గొట్టం) అపశ్రుతి పలికితే దాన్ని సరిగ్గా ఫ్రెట్ కమ్మీ పైన ఉంచండి, నొక్కకండి. 1960లలో తీసిన సన్ హౌస్ వీడియోలు సగం వేగంలో పెట్టి, కుడిచేయి మాత్రమే చూడండి.